సైకిల్ మీద చేపల ట్రే

మా ముత్తాతగారు దివిసీమలో పేరున్న భూస్వామి. తాతగారు వీధిలోకి వస్తే అరుగుల మీదివాళ్లు లేచి నిలబడేవారు. ఆ వంశంలో పుట్టిన నేను, మనవలిద్దరినీ కిక్కిరిసిన ఆటోలో బడికి పంపడం ఇష్టంలేక, పాత సైకిల్ క్యారియర్‌కు ప్లాస్టిక్ చేపల ట్రే బిగించాను. లోపల దిండు వేసి వాళ్లను కూర్చోబెట్టి, ఎండ తగలకుండా తువ్వాలు కప్పాను.

అవనిగడ్డ సెంటర్లో నిటారుగా కూర్చుని తొక్కుతుంటే ఒకావిడ ఆపింది.

"బాబాయిగారూ, రొయ్యలెంతండీ?"

నేను సైకిల్ దిగేలోపే తువ్వాలు కింద నుంచి రెండు తలలు లేచాయి.

"రొయ్యలైపోయాయండీ! మేమిద్దరమే మిగిలాం!"

సెంటరంతా గొల్లుమంది. తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"అయితే మీకు చెరువుంటే రేపు అక్కడివే తెండి," అందావిడ నవ్వాపుకుంటూ.

పిల్లలు తలూపారు. నాకూ నవ్వొచ్చింది. తాతల పొలాల్లో తవ్వించిన మా ఆఖరి రొయ్యల చెరువు కిందటేడే అమ్మేశాం.