చెవితో ఎంచిన విల్లు

మూడొందల మంది ముందు నా పరువు ఎలా పోయిందో చెబుతాను, నవ్వుకోండి. మా బాపు మాత్రం ఆ రోజు నా పరువు పెరిగిందనే ఇప్పటికీ వాదిస్తాడు.

అప్పుడు నేను వికారాబాద్‌లో డిగ్రీ చదువుతున్నాను. విలువిద్య నేర్పే సారు ఒక షరతు పెట్టారు. ఎవరి కట్టె వాళ్లే ఎంచుకుని విల్లు చేసుకోవాలి. కాలేజీ వార్షికోత్సవం రోజు ఆ విల్లుతో గురి కొట్టిన వాళ్లకే జట్టులో చోటు. నాకు ఆ చోటు కావాలి. పిచ్చిగా కావాలి.

తాండూరులో మాది నాపరాళ్ల వ్యాపారం. బండ మంచి చెడ్డలు మాకంటే ఎవరికి తెలుసు? ఇక కట్టె ఓ లెక్కా! వడ్రంగి నర్సింలు దుకాణానికి వెళ్లి, మా వాళ్లు బండను చూసినట్టే ప్రతి కట్టెనూ వేలి కణుపుతో కొట్టి, చెవి ఆనించి విన్నాను.

"ఏం ఇంటున్నవ్ బిడ్డా?" అన్నాడు నర్సింలు, పని ఆపి.

"లోపల పగులున్నదేమో సూస్తున్న కాకా."

"విల్లుకైతే గీ కంక బద్ద తీస్కపో. గుంజితే వంగుతది, ఇడిస్తే లేస్తది."

ఆ వెదురు బద్దను కొట్టాను. టప్ మంది. "సప్పుడే మంచిగ లేదు. మా ఇంట్ల వంగే సరుకు ముట్టం!"

మూలన చేవదేరిన నల్లతుమ్మ కనిపించింది. కొడితే ఖంగుమంది. "గిదే గావాలె!"

"అది నాగలికి పెట్టిన బిడ్డా!"

"ఇంక మంచిది. మస్తు గట్టిగుంటది."

నాలుగు ఆదివారాలు చెక్కాను. అరచేతులు బొబ్బలెక్కాయి. నునుపు చూసి నేనే మురిసిపోయాను. తాడు కట్టి చూశావా అంటారా? బండను అమ్మే ముందు ఎవరైనా వంచి చూస్తారా!

వార్షికోత్సవం రోజు బాపు దుకాణం మూసేసి, ఇద్దరు చిన్నాయనలతో ముందు వరుసలో కూర్చున్నాడు. నా పేరు పిలిచారు. తాడు ఒక కొసకు కట్టి, రెండో కొసకు తగిలించబోయాను. జానెడు తక్కువైంది. మోకాలు ఆనించి వంచాను. మోకాలే వంగింది. సారు వచ్చి చెమటలు కక్కారు. చిన్నాయనలు కూడా పరుగెత్తుకొచ్చారు.

"జర అటు తొక్కు!"

"తొక్కుతనే ఉన్న, నువ్వు గుంజు!"

"స్వయంవరం పెట్టిన్రా ఏంది?" అని వెనక నుంచి ఎవరో అరిచారు. మైదానమంతా ఒకటే నవ్వు. జట్టులో నా చోటు పోయినట్టే. పళ్లు బిగబట్టి ఏడుపు ఆపుకున్నాను.

అప్పుడు బాపు లేచి వచ్చాడు. విల్లు అందుకుని, తలపైకెత్తి, మైకు అక్కర్లేని గొంతుతో ప్రకటించాడు.

"సూడుండ్రి! అందరియి వంగినయ్. మా బిడ్డది ఒక్కటే వంగలె!"

సిగ్గుతో చావాల్సిన దాన్ని, నిజం చెబుతున్నా, గర్వంతో ఉబ్బిపోయాను.

అందుచేత ఇష్టదైవం సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇక జన్మలో కట్టెను చెవితో కొనను. మళ్లీ విల్లు చేస్తే ముందు వంచి చూస్తాను. బాపును మాత్రం ముందు వరుసలోనే కూర్చోబెడతాను.