మూడో తీగ, ఆరో తీగ

మొన్న ఇంటికి రంగులు వేయిస్తుంటే, గోడలోంచి వేలాడుతున్న పాత నీలం కేబుల్‌ను చూపించి "సార్, ఇది పీకెయ్యాల్నా?" అని అడిగాడు పెయింటర్. పీకెయ్యమన్నాను. తెగిన చోట రంగురంగుల తీగలు కనిపించేసరికి మా అక్క భర్త, బాన్సువాడ బావ గుర్తొచ్చాడు.

బావది బిచ్కుంద రోడ్డు మీద మోటర్లు చుట్టే దుకాణం. కాలిపోయిన బోరు మోటరు ఆయన చేతిలో పడితే మళ్లీ నీళ్లు పోయాల్సిందే. రెండువేల సంవత్సరం దాటిన కొత్తలో నేను అక్కడే ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో కంప్యూటర్ పాఠాలు చెప్పేవాణ్ణి. ల్యాబుకు ఇరవై కంప్యూటర్లు వస్తే, వాటిని కలిపే కేబుళ్ల పని బావకు ఇప్పించాను. ఒక్కో కేబుల్లో ఎనిమిది సన్నని తీగలు. ఏ రంగు ఏ వరుసలో రావాలో, పుస్తకం తెరవకుండానే, అన్నీ తెలిసినవాడిలా కాగితం మీద రాసిచ్చింది నేనే. రాగితీగకు అలవాటుపడ్డ వేళ్లు కదా, నలభై కొసలూ అచ్చు గుద్దినట్టు బిగించాడు. చిన్న టెస్టరు పెడితే ఎనిమిది దీపాలూ వరుసగా వెలిగాయి. ఆ సంబరంలో అందరికీ మిర్చీ బజ్జీలు తెప్పించాడు కూడా.

తెల్లారి కంప్యూటర్లు కలిపితే ఒక్క ఫైలూ సరిగ్గా పోలేదు. నిజామాబాద్ నుంచి వచ్చిన ఇంజనీరు పెద్ద మీటరు పెట్టాడు. ప్రతి కేబులూ ఫెయిలే. నాలుగు రోజుల్లో పిల్లలకు ప్రాక్టికల్స్.

"మోటర్లు చుట్టేటాయనకు గీ పని ఎందుకిప్పించినవ్?" అని నన్ను అడిగారు ప్రిన్సిపాల్ సార్, బావ ముందే.

"దీపాలన్నీ ఎలుగుతున్నయ్ గద సారూ, ఇగ తప్పేంది?" అన్నాడు బావ నెమ్మదిగా. ఇంజనీరు ఒక కొస కోసి చూపించాడు. లోపల తీగలు జంటలుగా మెలేసి ఉంటాయి. మూడో స్థానంలోనూ ఆరో స్థానంలోనూ ఒకే జంటలోని రెండు తీగలు కూర్చోవాలి. మేమేమో జంటలను పక్కపక్కనే పేర్చుకుంటూ పోయాం. కరెంటు పారుతుంది, దీపం వెలుగుతుంది, కానీ ఒకరి మాటలో ఇంకొకరి మాట కలిసిపోతుంది. "ఈ వరుస ఎవరు చెప్పిన్రు?" అన్నాడాయన.

బావ చెయ్యి చొక్కా జేబు మీదికి పోయింది. నా కాగితం అందులోనే ఉంది. చెయ్యి అక్కడే ఆగింది. "నేనే అనుకున్న సార్" అన్నాడు. నేను నేల చూస్తూ నిలబడ్డాను.

రెండు రోజుల్లో నలభై కొసలూ కోసి మళ్లీ బిగించాడు. మీటరు ‘పాస్’ అంది. ప్రాక్టికల్స్ ఆగలేదు. బయట చాయ్ తాగుతూ "బావా, తప్పు నాది గద" అన్నాను.

"మోటరోడు తప్పు చేస్తే రెండు దినాలు అంటరు. సారు తప్పు చేస్తే పిల్లలు యాదుంచుకుంటరు. చాయ్ సల్లగయితుంది, తాగు."

అది రెండు దినాలతో పోలేదు. అంతవరకు బావ దగ్గరికే వచ్చే కాలేజీ బోరు మోటరు, ఆ తర్వాత పిట్లంలో ఇంకో దుకాణానికి పోయింది. ఆయన ఒక్కనాడూ ఆ ఊసెత్తలేదు. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో ప్రిన్సిపాల్ సార్ కలిస్తే జరిగింది చెప్పేశాను. "అట్లనా? నాకైతే యాదికే లేదు" అని నవ్వి, పాన్ అందుకున్నారు. అప్పటికి బావ దుకాణం మూసి చాలా కాలమైంది. వేళకు చెప్పని నిజాన్ని కాలం ఎంత తేలిక చేస్తుందంటే, చివరికి దాన్ని చెప్పడానికి ధైర్యమే అక్కర్లేకుండా పోతుంది.