మొగులమ్మ పండుగ పప్పు

మా పక్కింటి మొగులమ్మ మొండిది. ఈ మాట ఆమె ముందే అంటాను, నవ్వి ఊరుకుంటుంది. పటాన్‌చెరులో ఒక మందుల కంపెనీ క్యాంటీన్‌లో పద్నాలుగేళ్లుగా వంట చేస్తోంది. రోజూ మూడొందల మందికి వండే మనిషికి క్రిస్మస్ నాడు ఇంటికొచ్చే ముప్పై ఐదు మంది చుట్టాలు ఒక లెక్కా? అయినా మొన్నటి పండక్కి ఆమె కంగారు చూసి తీరాలి. అదంతా ఒక్క మనిషి కోసం, తమ్ముడు సంగయ్య కోసం.

నాలుగేళ్ల కిందట వాళ్ల నాన్న పోయాడు. మొగులమ్మ వాళ్లు అప్పటికే చర్చిలో చేరారు, తమ్ముడు చేరలేదు. పోయినవాళ్లకు పెట్టిన అన్నం మేం తినమంటూ దినాల నాడు మొగులమ్మ విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసింది. "నాయిన బువ్వ తిననిదాని ఇంట్ల నేను మెతుకు ముట్ట" అన్నాడు సంగయ్య. అన్న మాట మీదే నిలబడ్డాడు కూడా. మొండితనం ఒక్కరి సొత్తా మరి!

ఈసారి మొగులమ్మే రుద్రారం వెళ్లి తమ్ముడి గడపలో కూర్చుంది, పండక్కి రమ్మని. అతనప్పుడు అయ్యప్ప మాలలో ఉన్నాడు. "ఎల్లిగడ్డ తగిలినా ముట్ట. మాంసమున్న ఇంట్ల కూసోను. గట్లయితేనే వస్త" అన్నాడు. వెల్లుల్లి కూడా తగలకూడదన్నది రాకుండా తప్పించుకోవడానికి పెట్టిన షరతని నా అనుమానం. మొగులమ్మ మాత్రం సరేనని లేచింది.

"క్రిస్మస్ నాడు పప్పేందే? చుట్టాలు నవ్వరా?" అని మొగుడు రామన్న మొత్తుకున్నాడు.

"నవ్వనియ్యి. పగటి బువ్వ అందరు వాని బంతిలనే తింటరు. మటన్ మాపటికి" అంది. ఇక ఆ మాటకు తిరుగు లేదు. మటన్ సరుకంతా మా ఇంట్లో పెట్టించింది.

పండుగ రోజు తెల్లవారుజామున ఆరాధనకు వెళ్లొచ్చి, తలస్నానం చేసి, పెరట్లో కొత్త పొయ్యి వెలిగించింది. పెద్ద గిన్నె పప్పుకి, చిన్నది పరమాన్నానికి, రెండూ మాంసం తగలని కొత్తవే. నేను దొండకాయలు తరగడానికి వెళ్లాను. మా ఇంట్లోనే ఉంచాల్సిన, రాత్రి మటన్‌కని ఒలిచిన వెల్లుల్లిని పళ్లెంతో సహా తెచ్చి పక్కన పెట్టుకున్నాను. బుద్ధి ఉండాలి నాకు. పోపు చిటపటలాడగానే మొగులమ్మ అలవాటు కొద్దీ చెయ్యి చాచి, గుప్పెడు వెల్లుల్లి తీసి నూనెలో వేసి, మొత్తం పప్పులోకి వంచేసింది.

అప్పుడు చూసుకుంది.

"ఏరేద్దాం మొగులమ్మా, ఎవరికి తెలుస్తుంది?" అన్నాను, సిగ్గు లేకుండా. ఆమె నా వంక చూసిన చూపుకి నోరు మూసుకున్నాను. ఆ పప్పు గిన్నెతో సహా మా ఇంటికి చేరింది. మూడు రోజులు తిన్నాం. పరమాన్నం మానేసి, ఆ చిన్న గిన్నెలోనే మళ్లీ పప్పు పొయ్యెక్కించింది. ఒక వాయి సరిపోదు, రెండు వండాలి.

చుట్టాలు దిగారు. పిల్లలు ఆకలని గోల. పన్నెండున్నరకి నల్లబట్టల్లో సంగయ్య వచ్చి పెరట్లో నిలబడ్డాడు. "ఎల్లిగడ్డ వాసనొస్తుంది" అన్నాడు.

మొగులమ్మ తల తిప్పలేదు. "అవ్‌రా, పప్పుల ఏసిన. క్యాంటీన్ చెయ్యి గద, దానంతటదే పోయింది. గా పప్పు తీసేసి ఇంకోటి పెట్టిన. గంట పడ్తది. కూసుంటవా, పోతవా?"

"చెప్పకుంటే నాకేమెరుక?"

"నాకెరుక గదరా."

"నాయిన దినాల నాడు గూడ గిట్లనే మొఖం మీద చెప్పినవ్" అన్నాడు సంగయ్య.

"చెప్పిన. తినకుంటే తినకపోతి, నీ పక్కన బంతిలనన్న కూసోవాల్సింది. లేచొచ్చిన. గది తప్పు" అంది మొగులమ్మ. గరిటె ఆగలేదు.

"జరుగు, మంట నేను సూస్త" అని సంగయ్య పొయ్యి దగ్గర కూర్చున్నాడు.

రెండింటికి బంతి వేశారు. అతను తన శరణుఘోష చెప్పుకున్నాడు, వీళ్లు తమ ప్రార్థన చేసుకున్నారు. అందరూ తిన్నారు. మటన్ ఊసు ఒక్కరూ ఎత్తలేదు. సంగయ్య రెండోసారి పప్పు అడిగి పెట్టించుకుని తిన్నాడు. అందరూ లేచాక మొగులమ్మ గిన్నెలు సర్దబోతుంటే, అతను చెయ్యి కడుక్కుని వచ్చి ఆమె చేతిలోంచి గరిటె తీసుకున్నాడు. కొత్త విస్తరి వేసి, "కూసో అక్కా, నేను పెడ్త" అన్నాడు.

ఆమె కూర్చుంది. తమ్ముడు వడ్డించినదంతా ఏడుస్తూనే తిన్నది, ఒక్క మెతుకు వదలకుండా.