పోచన్న కట్టిన ఎర్ర టేపు

పోచన్న గురించి నాలుగు మంచి మాటలు రాయాలని కూర్చున్నాను. ఎన్ని రాయగలనో తెలియదు. అతన్ని చూస్తేనే నాకు కడుపుమంట.

అతనిది నిజామాబాద్ వైపు ఊరు. సోహార్‌లో మా కంపెనీలోనే స్కాఫోల్డర్, అంటే మిగతావాళ్లు ఎక్కి పని చేసుకోవడానికి పైపులు బిగించి మంచెలు కట్టేవాడు. నేను కంపెనీ బస్సు డ్రైవర్‌ని, పేరు నర్సింగ్. నేను ఒమన్‌కు వచ్చి పద్నాలుగేళ్లు, అతను వచ్చి నాలుగు. అయినా రూమ్‌లో కూర చెడితే అతన్నే పిలుస్తారు. ఇంటికి ఫోన్ చేసి ఎవడైనా ముఖం వేలాడేసుకుంటే పోయి అతని మంచం మీదే కూర్చుంటాడు. నా మంచం మీద ఎవడూ కూర్చోడు. దుప్పటి నలుగుతుందని ఒకసారి నేనే కసిరాను లెండి.

డిస్క్ గోల్ఫ్ ఒక్కటైనా నాది అనుకున్నాను. సైట్‌లో సేఫ్టీ చూసే దొర ఒకాయన ఉద్యోగం వదిలి పోతూ, రోజూ బస్సులో తిప్పినందుకు తన సామానంతా నాకు ఇచ్చాడు. సంచీ నిండా పళ్లేల్లాంటి ప్లాస్టిక్ డిస్కులు, గొలుసులు వేలాడే రెండు ఇనుప బుట్టలు. డిస్కు విసరాలి, పడ్డచోటి నుంచి మళ్లీ విసరాలి, తక్కువ విసుర్లలో బుట్టలో వేసినవాడు గెలిచినట్టు. అందరికీ నేర్పింది నేను. శుక్రవారం ఎక్కడ ఆడాలో చెప్పేదీ నేనే. నా మాట అడిగి కదిలేది ఆ ఒక్క దానికే.

పోచన్న చేరాక అదీ పోయింది. మంచె ఎక్కేముందు చిటికెడు మట్టి వదిలి గాలి ఎటు పోతుందో చూడటం అతనికి అలవాటు. ఆట స్థలంలోనూ అదే చేసేవాడు. ఈ చోట డిస్కు ఎడమకు కొట్టుకుపోతుంది, ఆ చోట ఇసుక గట్టిగా ఉంటుంది అని చెప్పేవాడు. చెప్పినట్టే జరిగేది. అదే నాకు పడలేదు.

రంజాన్ సెలవులకు అయిదుగురం పికప్ తీసుకుని అల్ హైల్ దాకా పోదామనుకున్నాం. ఫజల్ బావమరిదికి అక్కడ రూమ్ ఉంది. ఫజల్ కడప వాడు, మా కంపెనీలో ఎలక్ట్రీషియన్. దారిలో ఎక్కడెక్కడ ఆగి ఆడాలన్నది తేల్చాలి. సహంలో పెట్రోల్ బంకు వెనక ఖాళీ జాగా బాగుంటుందని నేను చెప్పాను. ఈ రోడ్డు నాకు అరచేతి గీతల్లా తెలుసు. అందరూ విని పోచన్న వైపు తిరిగారు. పొద్దున పూట సముద్రపు ఒడ్డు మేలని, తడి ఇసుక గట్టిగా ఉంటుందని అతను మెల్లగా చెప్పాడు. అంతే, ఒడ్డు ఖాయమైంది. ఆ రోజంతా నేను ఎవరితోనూ మాట్లాడలేదు. ఎవరూ గమనించనూ లేదు.

సహం ఒడ్డు నిజంగానే బాగుంది. చూస్తే ఏడుపొచ్చేంత బాగుంది. దారిన పోయేవాళ్లకు డిస్కు తగులుతుందేమోనని పోచన్న పికప్‌లోంచి ఎర్ర తెల్ల చారల టేపు తీశాడు, సైట్‌లో గుంతల చుట్టూ కట్టేది. కర్రలు పాతి, ఒడ్డుకు దిగే దారికి అడ్డంగా ఆ చివర నుంచి ఈ చివర దాకా కట్టేశాడు. సైట్ మనిషి కదా, చేయి ఊరుకోదు.

నేను నీళ్ల దగ్గరి బుట్ట పక్కన నిలబడి ఉండగా జాలర్ల పికప్‌లు రెండు వచ్చి టేపు అవతల ఆగాయి. మావాళ్లు అటు వీపు పెట్టి ఆటలో మునిగి ఉన్నారు. సముద్రంలో వల వేసి ఉంది. తాళ్లు బండ్లకు కట్టి లాగాలి. టేపు చూసి అక్కడ ప్రభుత్వం పనేదో జరుగుతోందనుకున్నారు పాపం, దిగి నిలబడ్డారు. పని కాదు, ఆట, రండి అని అరబీలో ఒక్క ముక్క అంటే చాలు. మాలో అరబీ వచ్చింది నాకొక్కడికే.

అనలేదు. వాళ్లకు కోపం వచ్చి పోచన్న మీద పడతారని, అది అందరూ చూస్తారని ఎదురుచూశాను. అరగంట. చివరికి ముసలాయన ఒకడు టేపు కిందనుంచి వంగి వచ్చి, పని ఎప్పటికి అవుతుందని నన్ను మర్యాదగా అడిగాడు. ముదీర్, అంటే ఇక్కడి పెద్ద, అతనే, అతన్ని అడగమని పోచన్నను చూపించాను.

పోచన్నకు ముక్క అర్థం కాలేదు. "అన్నా, ఈయన ఏమంటుండు?" అని నన్నే అడిగాడు.

"నువ్వు వాళ్ల తొవ్వ బంద్ చేసినవట. వల నీళ్లల్లనే ఉన్నదట."

పోచన్న ముఖం తెల్లబోయింది. పరుగెత్తి టేపు తెంపాడు, ముసలాయన చేతులు రెండూ పట్టుకున్నాడు, తర్వాత ప్యాంటు మడిచి తాడు పట్టాడు. మిగతావాళ్లూ వెనకే దిగారు. ఆలస్యానికి చేపలు జారిపోయి వల బరువు తగ్గిందని జాలర్లు అనుకుంటున్నారు. ఆ మాటా నాకే అర్థమైంది. అయినా పోయేటప్పుడు ముసలాయన పోచన్న చేతిలో ఒక సంచీ చేపలు పెట్టాడు.

బండి ఎక్కాక ఫజల్ నా వైపు తిరిగాడు. "నర్సింగన్నా, నువ్వు వాళ్లకు ఎదురుగానే నిలబడినావు గదా. బండ్లు ఆగింది చూళ్లేదా?"

నేను బండి స్టార్ట్ చేశాను. జవాబు వెనక సీటు నుంచి వచ్చింది.

"ఎండ కండ్లల్ల గొట్టింది ఫజల్ భాయ్. అన్నకు కనవడలే," అన్నాడు పోచన్న.

అప్పుడు పొద్దు సముద్రం మీద, నా వీపు వెనక ఉంది. ఎండా గాలీ చూసి ఆ చోటు ఎంచినవాడికి అది తెలియకుండా ఉంటుందా? ఫజల్ మాత్రం సరేనని తల ఊపాడు. అదే మాట నేను చెప్పి ఉంటే ఒక్కడు నమ్మేవాడు కాదు. నా తప్పు కప్పడానికి కూడా అతని మాటే పనికొచ్చింది. అల్ హైల్ దాకా ఆ మంటతోనే బండి నడిపాను.