ఎదురుగాలిలో పుట్టింటి చీర

మా అక్క పోయినప్పుడు నేను రైలెక్కలేదు. ఈ మాట చెప్పుకోవాలంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది.

చెన్నపట్నం సర్కారు రోజుల్లో గిద్దలూరు చుట్టుపక్కల పల్లెల్లో టీకాలు వేసే కొలువు నాది. ఎండైనా వానైనా సైకిలే. ముప్పై ఏళ్ళ వయసులో ఒకసారి పందెం కట్టి, పొద్దున్నే గిద్దలూరులో బయలుదేరి మధ్యాహ్నం భోజనం వేళకు మార్కాపురంలో దిగాను. నలభై మైళ్ళ దారి. ఆ ఒక్క రోజును పట్టుకుని ఇరవై నాలుగేళ్ళు సొంత డబ్బా కొట్టుకున్నాను. రైలు ముసలోళ్ళకూ బాలింతలకూ అని కనపడ్డ ప్రతివాడికీ చెప్పేవాణ్ణి. యాభై నాలుగు నిండాయి, కూచుంటే లేవడానికి గోడ పట్టుకోవాల్సి వచ్చేది, అయినా నోరు మాత్రం తగ్గలేదు.

పుష్యమాసంలో ఒక పొద్దున మా బావ తమ్ముడు రైలు దిగి నేరుగా మా ఇంటికొచ్చాడు. మార్కాపురం పక్క పల్లెలో ఉండే మా అక్క ముందురోజు పొద్దుగూకే వేళకు పోయిందని చెప్పాడు. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. గడప మీద కూలబడి ఏడ్చాను.

పెళ్ళయిన ఆడమనిషి పోతే పుట్టింటివాళ్ళు కొత్త చీర తెచ్చి కప్పాలి. అది రానిదే శవాన్ని లేపరు. మా అమ్మానాయనలు లేరు, నా భార్య కూడా పోయింది. అక్కకు పుట్టిల్లంటే ఇక నేనొక్కణ్ణే. దుకాణం తలుపు తట్టి ఆకుపచ్చ చీర ఒకటి తీసుకున్నాను.

"పదకొండు గంటలకు బండి ఉంది బావా, ఇద్దరం పోదాం," అన్నాడు అతను.

"అంతసేపు చేతులు ముడుచుకోని కూచుంటానా? ఇప్పుడు తొక్కినానంటే నీ బండి కంటే ముందుంటా."

"ఏంది బావా, ఈ గాలిలోనా? పోనీ, చీరన్నా నాకియ్యి. నేను తీసకపోతా."

"తమ్ముడు పెట్టే చీర తమ్ముడే తేవాల. నీ చేతికి ఎట్ల ఇస్తా?"

నేను పట్టిన కుందేటికి ఎప్పుడూ మూడే కాళ్ళని మా చుట్టాలందరికీ తెలుసు.

తలగుడ్డ చెవుల మీదుగా బిగించి, చీర వెనక కట్టుకుని బయలుదేరాను. ఊరు దాటగానే ఈశాన్యం గాలి మొహాన కొట్టింది. పందెం కట్టిన రోజు ఎండాకాలమనీ, ఆనాడు గాలి వెనక నుంచి తోసిందనీ అప్పుడు గుర్తొచ్చింది. ఇన్నేళ్ళూ నా కాళ్ళ గొప్ప అనుకుని చెప్పుకున్నదాంట్లో సగం గాలిదే. అయినా వెనక్కి తిరగలేదు. కంకర రోడ్డు, కళ్ళ నిండా నీళ్ళు, వేళ్ళు కొయ్యముక్కల్లా బిగుసుకుపోయాయి. పది తొక్కులు తొక్కితే ఐదు తొక్కుల దూరం కూడా సైకిల్ కదల్లేదు. సగం దారిలో ఉండే కంభం ఇంకా నాలుగు మైళ్ళుందనగా దిగి, సైకిల్ నడిపించుకుంటూ పోయాను.

అక్కడే రైలు నన్ను దాటింది. పట్టాలు రోడ్డు పక్కనే. కూత వినగానే నేను చేసిన పని ఏమిటంటే, గబగబా సైకిల్ ఎక్కడం. దిగి నడుస్తున్నట్టు రైల్లో ఉన్న అతనికి కనపడకూడదు కదా! మా బావ తమ్ముడు కిటికీలోంచి సగం బయటికొచ్చి, కంభం స్టేషన్ వైపు చెయ్యి ఊపుతూ ఏదో అరిచాడు. అక్కడ తరవాతి బండి అందుకోమంటున్నాడని నాకు బాగానే అర్థమైంది. నేను కూడా చెయ్యి ఊపాను, నవ్వాను కూడా. రైలు మలుపు తిరగగానే మళ్ళీ దిగిపోయాను.

పల్లె చేరేసరికి దీపాలు పెడుతున్నారు. ఇంటి ముందు కడిగిన నేల ఇంకా తడిగా ఉంది. లోపల నుంచి ఒకామె వచ్చి జరిగింది చెప్పింది. పొద్దు వాలేదాకా నా కోసం చూశారట. ఆ పైన ఉంచడానికి వీల్లేదని పెద్దమనుషులు తొందరపెడితే, ఎదురింటి ముసలామె తన చీర ఒకటి ఇచ్చి, పుట్టింటిదని అనుకోమందట. మా అక్కకు పుట్టిల్లు లేదన్నట్టు ఊరంతా చూస్తుండగా అది కప్పి తీసుకుపోయారు.

మా బావ నా వైపు చూడలేదు. మేనల్లుడు గుండు గీయించుకుని అరుగు మీద కూచున్నాడు. నేను చీర తీసి అతని ముందు పెట్టాను. అతను దాన్ని ముట్టుకోలేదు.

"చిన్నాయన వచ్చి, మీ మామ దారిలో ఉన్నాడంటే, ఇంకొంచెం సేపు ఇంకొంచెం సేపని అందరి కాళ్ళూ పట్టుకున్నా. ఒక్కమాట చెప్పు మామా. మా అమ్మ కోసం వచ్చినావా, పందెం కోసం వచ్చినావా?"

నేను తలగుడ్డ విప్పి మొహానికి అడ్డం పెట్టుకున్నాను. దుఃఖంతో మాట రాలేదని అక్కడున్నవాళ్ళు అనుకున్నారు. నిజం నాకు తెలుసు. కంభం దాటినాక ఆ దారి పొడుగునా మా అక్క నాకు ఒక్కసారి కూడా గుర్తు రాలేదు.