చుక్క బావగారి నురగ

లోకంలో ఏ మురికికైనా ఒక్క చుక్క సబ్బు చాలు, రెండో చుక్క వేసినవాడు మూర్ఖుడు. లారీల షెడ్డు నడిపే మెకానిక్‌కి బావగారొకరున్నారు, ఆయన జీవిత సిద్ధాంతం ఇంతే. అందుకే ఆయన్ని అందరూ చుక్క బావ అనేవారు. కొత్తవాళ్లు ఆ పేరు విని ఇంకేదో చుక్క అనుకుని, సాయంత్రాలు ఎంతో మర్యాదగా ఆహ్వానించేవారు. ఆయన వెళ్లి, వాళ్ల గ్లాసులు ఎంత సబ్బుతో కడిగారో విచారించి వచ్చేవారు.

ఆయన ఇంట్లో సబ్బునీళ్లు కంటిమందు సీసాలో ఉండేవి. చుట్టాలొస్తే కుళాయి దగ్గర తానే కాపలా. చుట్టాలు జిడ్డు చేతులతోనే నమస్కారం పెట్టి వెళ్లేవారు. ఆయన భార్య అయిన మెకానిక్ అక్క మాత్రం కాపురానికొచ్చిన కొత్తలోనే వాదించడం మానేసి, తన సబ్బుని పిండి డబ్బాలో దాచుకోవడం నేర్చుకుంది.

అంతటి మహానుభావుడి చేతిలో మెకానిక్ బతుకు పడింది. షెడ్డు వెనక ఏళ్లతరబడి ఒంపేసిన ఇంజనాయిలు నేలలోకి ఇంకి పక్కవాళ్ల బోరులో తేలింది. తనిఖీ అధికారిణి వచ్చి, మట్టి బాగుచేయకపోతే షెడ్డు మూయిస్తానంది. మెకానిక్‌కి ఆ షెడ్డు తప్ప వేరే ఆధారం లేదు. బావగారు మట్టి పరీక్షల ల్యాబులో పనిచేసి రిటైరయిన మనిషి, అధికారిణి అక్కడ ఆయన దగ్గరే పని నేర్చుకుంది. పూచీ నాదన్నారాయన. ఆమె గడువిచ్చింది.

బావగారు మట్టిని తవ్వించి, పరుపులా పరిపించి, ఎరువు కలిపి, బోలెడు నీళ్లలో రవ్వంత సబ్బు వేసి ప్రేమగా చిలకరించారు.

"ఇంత నేలకి ఆ కాస్త సబ్బేంటి బావా?" అన్నాడు మెకానిక్.

"శుభ్రం చేసేది సబ్బు కాదోయ్, మట్టిలోని సూక్ష్మజీవులు. ఆయిలు మట్టిని కరుచుకుని కూర్చుంటే వాటి నోటికి అందదు. సబ్బు దాన్ని ఊడదీసి చిన్న చిన్న ముద్దలు చేసి పెడుతుంది, అంతే. ముద్ద కలిపి పెట్టమంటే పిల్లల్ని గిన్నెలో ముంచుతామా?"

రోజూ పొద్దున్నే వచ్చి మట్టి వాసన చూసి, "తింటున్నాయి" అని తృప్తిగా చెప్పి వెళ్లేవారు. మెకానిక్ కంటికి మాత్రం మట్టి బొగ్గులాగే ఉండేది. తన షెడ్డు కంటికి కనబడని జీవాల ఆకలి మీద ఆధారపడిందని తలుచుకుంటే అతనికి ముద్ద దిగడం మానేసింది. చివరికి బావగారు ఊళ్లో లేని రోజు చూసి, లారీలు కడిగే సబ్బు డ్రమ్ము మొత్తం మట్టి మీద కుమ్మరించి, పైపు పెట్టాడు.

ఫలితం అద్భుతం. నురగ షెడ్డు దాటి వీధిలోకి షికారు బయల్దేరింది. తిరిగొచ్చిన బావగారు మోకాలి లోతు నురగలో నిలబడి, గుప్పెడు మట్టి తీసి వాసన చూశారు. సూక్ష్మజీవులు చాలా మటుకు చచ్చిపోయాయన్నారు. సరిగ్గా అప్పుడే అధికారిణి జీపు నురగకి అవతల ఆగింది.

"ఎవరు చేశారిది?" అందామె. "యజమాని వేలు పెట్టి ఉంటే గడువు రద్దు. షెడ్డుకి ఇవాళే తాళం."

మెకానిక్ నోరు తెరిచాడు. బావగారు అడ్డొచ్చారు.

"నేనేనమ్మా. చేయి జారింది."

"మీ చేయి? సబ్బు దగ్గర?"

"వయసు మీద పడింది కదమ్మా."

ఆమె బావగారిని చూసింది. మోచేతుల దాకా నురగతో నిలబడ్డ మెకానిక్‌ని ఇంకా తీరిగ్గా చూసింది. గడువు పొడిగించి, ఈసారి ఎవరి చేయీ జారకూడదని మెకానిక్‌కే చెప్పి వెళ్లింది.

ఒక్కనాడూ రెండో చుక్క ఎరగని మనిషికి సాయంత్రానికల్లా వీధి వీధంతా నురగ బావ అని పేరు పెట్టేసింది. ఆయన నురగనీళ్లు డ్రమ్ముల్లోకి తోడించి, సూక్ష్మజీవులున్న మంచి మట్టి తెచ్చి కలిపి మళ్లీ మొదలుపెట్టారు. ఈసారి సబ్బుకి కాపలా మెకానిక్. ఆఖరికి మట్టి మట్టి రంగుకొచ్చింది. పరీక్షలో నెగ్గింది, షెడ్డు నిలిచింది.

ఆ రోజు మెకానిక్ నల్లటి చేతులతో కుళాయి దగ్గరికెళ్తే, బావగారు కంటిమందు సీసా పట్టుకుని సిద్ధంగా ఉన్నారు. మెకానిక్ బుద్ధిగా అరచేయి చాపాడు.

"ఒక్క చుక్క చాలు బావా."

బావగారు ఒకటి వేశారు. అటూ ఇటూ చూసి, ఇంకోటి కూడా వేశారు.

"కానీవోయ్. పేరెలాగూ పోయిందిగా."