రంజన్‌లో చల్లబడిన ఉప్పుగడ్డ

సైన్సు చదివే మనవడు ఇంట్లో ఉండటం ఎంత ముప్పో మా అవ్వను అడగాలి. ఆమె ఇప్పుడు లేదు కాబట్టి నేనే చెబుతాను.

పోలీసు చర్య ముగిసిన చలికాలం. కాలేజీ మూతపడి హైదరాబాదు నుంచి నకిరేకల్ వచ్చి పడ్డాను. కమ్యూనిస్టు దళంలో తిరిగిన మా చిన్నాయినను, అంటే అవ్వ చిన్నకొడుకును, మిలిట్రీ పట్టుకుపోయింది. ఉన్నాడో లేడో తెలియదు.

"పట్టుకపోయినోళ్ల సంగతి రేడియోల చెప్తరట. దొర గడీల ఉంది గని, ఆ గడప నేను తొక్క," అన్నది అవ్వ.

"ఫికర్ చెయ్యకు. నేనే చేస్త రేడియో," అన్నాను.

చెవికి పెట్టుకునే గొట్టం, తీగచుట్ట ఉన్నాయి. కరెంటు లేకుండా పలికే రేడియోకు అసలు కావాల్సిన స్ఫటికమే లేదు. అప్పుడు మా లెక్చరర్ మాట గుర్తొచ్చింది. ఉప్పులాంటి స్ఫటికంలో ఎలక్ట్రాన్ చుట్టూ ఉన్న ధన అయాన్లను తనవైపు గుంజుకుంటూ, రేగడి బురదలో బండిలా ఈడ్చుకుపోతుందట. అయాన్ల ఊగులాట దానికి ఇంకో అడ్డం. చలి పెరిగితే ఊగులాట తగ్గి నడక సులువవుతుందట. ఇంకేం, అవ్వ మందుల డబ్బాలోని సైంధవలవణం గడ్డను గుడ్డలో చుట్టి, తాగే నీళ్లు చల్లబడే మట్టికుండ రంజన్‌లో వేలాడదీశాను.

ఆయన చెప్పింది గాలి కూడా నీళ్లయ్యేంత చలి. నాది నకిరేకల్ రంజన్ చలి. అంతకన్నా ఘోరం, మామూలు ఉప్పులో నడవడానికి స్వేచ్ఛగా తిరిగే ఎలక్ట్రాన్లే ఉండవని కూడా ఆయన చెప్పాడట. ఆ రోజు నేను క్లాసు ఎగ్గొట్టాను. అంటే, బండే లేని బాటను చల్లబరుస్తున్నానన్నమాట.

అవ్వ పెద్దకొడుకు, మా బాపు, ఆ నీళ్లు తాగబోయి ఉమ్మేశాడు. "గీ నీళ్లేందిరా గిట్లున్నయి?"

"శాస్త్రం, బాపూ."

కరగ్గా మిగిలిన ముక్కకు తీగ తగిలించి, గొట్టం అవ్వ చెవికి పెట్టాను.

"ఏమన్న ఇనొస్తాందా?"

"లేదు బిడ్డా."

"జర ఆగు. ఇంక సల్లబడాలె."

అంతలో పక్కింటి మల్లమ్మ వాకిట్లోంచి పిలిచింది. "మనోళ్లను లారీల తీస్కపోతున్నరట. సడక్ మీదికి రా అత్తా."

అవ్వ లేచింది. నేనే ఆపాను. "గిప్పుడే వార్తలొచ్చే యాళ. లేస్తే తప్పిపోతది."

చదువుకున్నవాడి మాట కదా, మళ్లీ కూర్చుంది.

లారీ పోయింది. అందులో చిన్నాయిన ఉన్నాడు. సడక్ మీద అందరి తల్లులూ ఉన్నారు. "మా అమ్మేది?" అని అడిగాడట. ఆ మాట మోసుకొచ్చిన బాపు నన్ను కొట్టలేదు. కొట్టి ఉంటే నాకు ఇంత బాధ ఉండేది కాదు.

చిన్నాయిన జైలు నుంచి రావడానికి ఏడాది దాటింది. బువ్వ తింటూ మొదట అడిగింది అదే. "ఆనాడు రాలేదేందమ్మా?"

నేను తల దించుకున్నాను. అవ్వ, అలవాటు ప్రకారం ఉప్పు చేతికివ్వకుండా కింద పెట్టి, "రేడియోల నీ ముచ్చట చెప్తుంటే ఇంటున్న బిడ్డా," అన్నది.

"ఏమన్నరు?"

"మంచిగున్నడన్నరు."

ఉప్పు తిన్న ఇంటికి ద్రోహం చేయొద్దంటారు. నేను ఆ ఉప్పుతోనే చేశాను. అందుకే దాని సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: కొడుకు కోసం లేచిన ఏ తల్లినీ ఏ ఎలక్ట్రాన్ కోసమూ కూర్చోబెట్టను. ఉప్పును పప్పులో తప్ప ఇంకెక్కడా వేయను.